గుర్రాలపట్టి కన్నెరాయి

వీరగల్లులు చూడటానికి వచ్చినవాడు ముందు రాళ్ళను చూస్తాడు. తిరువేంగడం మాత్రం చెప్పులు విప్పుతూ, దారి చూపిస్తూ ముందు నడుస్తున్న మనిషిని చూశాడు. సింగానల్లూరు మిల్లులో రెండువందల మందిని చూపుతో అదిలించే రంగసామి మేస్త్రీ ఇక్కడ ఎగగట్టిన పంచె దించి, పై కండువా తీసి నడుముకు చుట్టుకుని, గుళ్ళోకి పోతున్నవాడిలా వంగి నడుస్తున్నాడు. ఆ వంగడంలో నటన లేదు. అదే తిరువేంగడానికి నచ్చలేదు. నటించేవాడి గుట్టు ఎక్కడో ఒకచోట పట్టుబడుతుంది. నమ్మేవాడి గుట్టు పట్టుకోవడం కష్టం.

"వాంగో సార్, రండి రండి. పళనికి వచ్చినవాళ్ళు కొండెక్కి దిగి, పంచామృతం డబ్బా కొనుక్కోని పోతారు. మా రాళ్ళు చూడాలని తోచేది మీ మాదిరి చదువుకున్నోళ్ళకే."

తిరువేంగడం భుజాన కెమెరా తగిలించుకున్నాడు. ఆర్.ఎస్. పురంలో మిఠాయి అంగడి మేడమీద గదిలో 'రహస్య విచారణలు' అని బోర్డు పెట్టుకుని బతికే మనిషని ఇక్కడ ఎవరికీ తెలియదు. పాత శిలలంటే పిచ్చి ఉన్న పెద్దమనిషినని చెప్పుకుని జట్కాలో దిగాడు. పొద్దున కొండ ఎక్కి, గుహలో ఎప్పటివాళ్ళో జైన మునులు చెక్కించుకున్న రాతిపడకలు చూసి వచ్చాడు. ఇప్పుడు కొండ కింద మండపం. ఆ మండపాన్ని చుట్టి మోకాలెత్తు రాతిగోడ. గోడకవతల పట్టుమని పాతిక ఇళ్ళు లేని గుర్రాలపట్టి.

వచ్చిన పని వేరు. రంగసామి అన్న కూతురు వళ్ళియమ్మాళ్ చిన్నాయన ఇంట్లో ఉంటూ ఆ మిల్లులోనే నూలు చుట్టే పనికి పోయేది. ఐప్పసి నెలలో వానలు మొదలైన వారంలో ఆ పిల్ల కనిపించకుండా పోయింది. ఆ పిల్లతో స్నేహం చేశాడని మిల్లు ఫిట్టరు సవరిముత్తును పట్టుకుని లాకప్పులో పడేశారు. పిల్ల భూమి ఉన్నవాళ్ళ బిడ్డ. వాడు చెప్పులు కుట్టిన తాతకు మనవడు. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే మాట్లాడతారు గాని, ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు తాగరు. సవరిముత్తు ఎంత కొట్టినా నోరు విప్పలేదు. కన్నీళ్ళతో పోయి అడిగిన సొంత అక్క ఆరోగ్యమేరితో కూడా ఒక్క ముక్క చెప్పలేదు. తిరువేంగడాన్ని పంపింది, ఆ మిల్లులోనే పనిచేసే ఆ అక్కే.

రంగసామి మండపంలో నిలువెత్తు రాళ్ళ ముందు ఆగాడు. గుర్రాల మీద కత్తులెత్తిన మగవాళ్ళు, పక్కన చెయ్యెత్తి నిలబడిన ఆడవాళ్ళు. నూనె, పసుపు తాగి తాగి రాయి నల్లగా నిగనిగలాడుతోంది.

"ఇవి మా పెద్దలు. నాయక రాజుల కాలంలో దండులో పోయి పడిపోయినోళ్ళు. మేము ఈ మన్నువాళ్ళం కాదు సార్. వడక్కునించి, ఉత్తరం దిక్కునించి వచ్చినాం. యాడనో ఒక రాజు మా ఆడపిల్లని అడిగినాడంట. ఇయ్యం పో అనేసి, పొయ్యిమీద కూడు పొయ్యిమీదనే ఇడిసిపెట్టి, రాత్రికి రాత్రి బిడ్డనెత్తుకోని ఏరు దాటినారు. ఒక్క ఆడపిల్ల కోసరం ఊరు మొత్తం ఇడిసినోళ్ళం."

"గొప్ప సంగతి," అన్నాడు తిరువేంగడం. "ఆ పిల్ల తర్వాత ఏమైంది?"

రంగసామి తెల్లబోయాడు. "ఏమవుతాది? ఎవరికి తెలుసు? కథలో అంతవరకే ఉండాది."

తిరువేంగడం మండపం వెనక్కి నడిచాడు. అక్కడ గోడ నీడన, నేలలో సగం దిగబడి, బొమ్మలూ గీతలూ లేని చిన్నచిన్న గుండ్రాళ్ళు ఒక వరసలో ఉన్నాయి. పాతవి నాచు పట్టి మన్నులో కలిసిపోయాయి. చివరిది మాత్రం ఏట్లోంచి నిన్ననో మొన్ననో తెచ్చినట్టు తెల్లగా ఉంది.

"ఇవేమిటి?"

రంగసామి గొంతు మారింది. "కన్నెరాళ్ళు. పెళ్ళి కాకనే పోయిన మా ఆడపిల్లలవి. పెళ్ళైతే మొగుడి వంశంలో కలిసిపోతాది, దాని రాయి ఆడ పడతాది. కన్నెగా పోతే యాడా చోటు లేదు కదా? అందుకని తల్లి చేత్తో ఒక రాయి ఈడ పెడతాము. ఒకసారి రాయి పడిందంటే, దాని పేరెత్తకూడదు. వెతకకూడదు. ఏడవనూ కూడదు. ముగిసిపోయినట్టే."

"చివరిది కొత్తది."

"మా అన్న బిడ్డది. ఒక కీళ్జాతి కుక్క దాన్ని చెరిచి చంపేసినాడు సార్. కొండ మీద గుహలో దాని దావణి, పైన వేసుకునే ఓణీ, దొరికింది. కిందికి తోసేసినాడు. వాగులో వరద. శవాన్ని మా వదినె కళ్ళతో చూసింది, పట్టుకునే లోపల కొట్టుకోని పోయింది. వచ్చి రాయి పెట్టేసింది." ముక్కు గట్టిగా చీదాడు. "నేనే పట్టుకోని ఉంటే..."

మాట ఆపేశాడు. పట్టుకుని ఉంటే వాగులోంచి పైకి లాగేవాడో, ఇంకేం చేసేవాడో అతని ముఖం చెప్పేసింది. తిరువేంగడం ఇరవయ్యేళ్ళుగా ఇళ్ళు వదిలిన వాళ్ళను వెతుకుతున్నాడు. వెతికించే వాళ్ళ ముఖాల్లో ప్రేమ ఏదో పగ ఏదో ఇప్పటికీ వెంటనే పోల్చుకోలేడు. ఈ ముఖంలో మాత్రం పోల్చుకున్నాడు.

కెమెరా సరిచేసుకుంటున్నట్టు గొంతుక్కూర్చున్నాడు. కొత్తరాయి మొదల్లో పచ్చగా ఏదో కనిపించింది. గడ్డి అనుకున్నాడు. కాని గడ్డి అలా రాయి చుట్టూ ఒక్క గుప్పెడు మేరకే, ఒత్తుగా, ఒకే ఎత్తున మొలవదు.

"రాయి కింద ఏమైనా పెడతారా?"

"వాయికరిసి. పీనుగు నోట్లో పోసే బియ్యం ఉండాది చూడండి, అదే. దంచి, పొట్టు తీసిన గింజ రాయి కింద పోస్తాము."

"దంచకుండా పోస్తే?"

"శివశివా! మొలకెత్తే గింజ చావుకు పెట్టకూడదు. అది పెళ్ళికి. పెళ్ళిలో పాలికలు పోసేదానికి, మూకుళ్ళలో మొలకలు లేపేదానికి." రంగసామి నడుముకున్న కండువా కొసతో ముఖం తుడుచుకున్నాడు. "ఉండండి, మోరు, చల్లని మజ్జిగ తెప్పిస్తా. ఎండలో వచ్చినారు."

అతను అటు తిరగ్గానే తిరువేంగడం ఒక మొలకను వేళ్ళతో సహా లాగాడు. కాడ మొదల్లో ఎర్రని జీర. వేరు దగ్గర గింజ పొట్టు ఇంకా వేలాడుతోంది. పొట్టు తీయని గింజ. దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

వళ్ళియమ్మాళ్ తల్లి కమలమ్మాళ్ గోడ లోపలే, మండపం పక్కనున్న తన ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. యాభై దాటిన మనిషి. చేతులు ఆగడంలేదు, చూపు ఒకచోట నిలవడంలేదు. రాళ్ళు చూడటానికి వచ్చిన పెద్దమనిషి తనతో ఏం మాట్లాడతాడని బెదురుగా చూసింది.

"మీ బిడ్డ సంగతి విన్నానక్కయ్యా. మనసుకు కష్టమనిపించింది."

"దాని మాట ఎత్తకూడదు సామీ. రాయి పడిపోయినాది."

"ఎత్తను. పొద్దున గుహ చూసి వచ్చాను. దావణి ఎక్కడ దొరికిందో చూపించాడు మీ ఊరి మేకల కాపరి. రాతిపడక మీద మడత పెట్టి ఉందట."

"ఉండాదేమో."

"చంపడానికి వచ్చినవాడు దావణి మడతపెట్టి పోతాడా?"

ఆమె చింతపండు ఉండ చేసి చట్టిలో వేసింది. "నాకేం తెలుసు? గాలికి మడత పడిందేమో."

"గాలికి!"

"కొండ మీద గాలి ఎట్లనైనా కొడతాది. మీరు మోరు తాగి బయల్దేరండి నాయనా. మళ్ళీ వాన వస్తే వాగు దాటలేరు."

"వరదలో శవాన్ని మీరే చూశారట. ఏ వైపు కొట్టుకుపోయింది?"

"కిందికే."

"ఏ గుడ్డ కట్టుకుంది?"

దావణి పైన గుహలో ఉంది. ఒంటి మీద ఏం ఉన్నదని చెప్పాలో ఆమె ముందుగా అనుకుని పెట్టుకోలేదు. వరసగా అబద్ధాలు చెప్పి అలవాటు లేని మనిషి. ఒక్క పెద్ద అబద్ధం కష్టపడి కట్టుకుని, దానికి తలుపులు పెట్టడం మరిచిపోయింది.

"అయ్యో, ఎవరయ్యా మీరు? రాళ్ళు చూసేదానికి వచ్చినారా, నా గుండెను తవ్వేదానికి వచ్చినారా?"

ఆమె ఇంటి లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"కోయంబత్తూరు అంటిరి కదా. అక్కడ... జైల్లో ఉన్నోళ్ళకి కూడు పెడతారా సామీ? ఇంటోళ్ళు తెచ్చి ఇస్తే తీసుకుంటారా?"

"ఎవరికి?"

"సుమ్మా, ఊరికే అడిగినాను."

కూతుర్ని చంపినవాడు అన్నం తిన్నాడో లేదోనని ఏ తల్లీ అడగదు. తిరువేంగడానికి అప్పుడే సగం తెలిసింది. మిగతా సగం జేబులో రుమాల్లో ఉంది. అక్కడే, ఆ అరుగు మీదే, ఇద్దరే ఉండగా నెమ్మదిగా అడిగి ఉంటే ఏమయ్యేదో. కాని వీధి చివర జీపు హారను మోగింది.

జీపులోంచి దిగిన ఇన్‌స్పెక్టరు కోదండరామన్ ముందు తిరువేంగడాన్ని చూడలేదు. రంగసామి ఎదురుపోయి నమస్కారం పెట్టాడు. వెనకనే కానిస్టేబులు ఒక చేత్తో కాగితాల అట్ట, ఒక చేత్తో సిరా దిండు పట్టుకుని దిగాడు.

"ఏమ్మా, రెడీనా? వేలిముద్ర వేసేస్తే నా పని తీరిపోతుంది. రేపు మేజిస్ట్రేటు ముందు పెడతా. శవం లేని కేసు నిలవదని వకీళ్ళంతా ఒకటే గోల. కన్నతల్లి కళ్ళారా చూసిందంటే ఇంక..." అప్పుడు చూశాడు. "అడడే! ఎవరిది? తిరువేంగడమా?"

ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషనులో పనిచేశారు. తిరువేంగడం ఉద్యోగం వదిలిపెట్టాడు. వదిలిపెట్టేలా చేసింది తనేనని కోదండరామన్ అందరితోనూ చెప్పుకుంటాడు. అది అబద్ధం కూడా కాదు.

"కెమెరా ఏమిటయ్యా? పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే పని దొరికిందా?"

"ఇంకా దొరకలేదు. నువ్వు చావులకు ఏర్పాటు చేస్తున్నావని తెలిసి వచ్చాను."

రంగసామి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అయ్యా, ఈయన ఎవరు?"

"కూలికి నిజాలు వెతికే మనిషి," అన్నాడు కోదండరామన్. "ఎవరు పెట్టారోయ్ నిన్ను?"

"నేను పెట్టినాను."

గోడ అవతల, ఎండలో, చెప్పులు చేత పట్టుకుని ఆరోగ్యమేరి నిలబడి ఉంది. పళనిలో ఉండమంటే ఉండలేక బస్సెక్కి, మిగిలిన దూరం నడిచి వచ్చింది. చమటకు మెడలోని శిలువ గొంతుకు అంటుకుపోయింది. ఆ గోడ దాటి ఆమె మనుషులు లోపలికి రాకూడదు. దాటలేదు. గోడను ఆనుకుని మాత్రం నిలబడింది. అదీ తప్పే.

"నువ్వా?" అన్నాడు రంగసామి. మిల్లులో గొంతు బయటికి వచ్చింది. "సెక్షన్‌లో నా ముందర తలెత్తి ఎరగవు, మా పెద్దల చోటికే వచ్చేస్తివా?"

"లోపలికి రాలేదులే మేస్త్రీ. మీ రాళ్ళకేం మైల పట్టదు. అణ్ణా, ఏమైనా తెలిసిందా?" అంది తిరువేంగడంతో. "నేను పోయి వాణ్ణి చూసి వస్తిని. ముఖం ఇంత లావు వాచిపోయింది. నాతో కూడా మాట్లాడడు. పిచ్చివాడి మాదిరి గోడకేసి చూస్తాడు."

కమలమ్మాళ్ చేతిలోంచి చట్టి జారి అరుగు మీద పడింది.

"తప్పు చేసినోడు కళ్ళలోకి చూడలేడు, అంతే," అన్నాడు కోదండరామన్. "రా అమ్మా, బొటనవేలు ఇటివ్వు."

కానిస్టేబులు ఆమె చెయ్యి పట్టుకుని వేలు సిరాలో అద్దాడు. ఆమె కాగితం వైపు చూడలేదు.

"ఇది వేస్తే ఆ పిల్లోడికి ఏమవుతాది అయ్యా?"

"హత్యకు ఏమిస్తారో అదే ఇస్తారు. ఉరి."

"నేను... శవం ముఖం సరిగ్గా చూడలేదేమో."

"ఇదేం ఆట?" రంగసామి ముందుకొచ్చాడు. "వదినె, ఊరంతటికీ చెప్తివి. చూస్తినని చెప్తివి. రాయి పెడితివి. వేయి వేలు."

ఆమె సిరా వేలిని గుప్పిట్లో మూసేసింది. సిరా అరచేతిలోకి, అక్కడినుంచి మణికట్టుకు కారింది. "తల తిరగతా ఉండాది. రేపు వేస్తా. నీళ్ళు తాగి వేస్తా."

"తిరువేంగడం, ఈమెకు నువ్వేం నూరిపోశావు?" కోదండరామన్ గొంతు పెరిగింది. "సాక్షిని బెదిరిస్తే నిన్ను కూడా లోపల వేస్తాను. లాకప్పులో నీ కక్షిదారు తమ్ముడి పక్కన చోటుంది."

"నీ లాకప్పులో ఉన్నవాడు ఎవర్నీ చంపలేదు."

"ఏ ఆధారం మీద?"

ఆరోగ్యమేరి గోడ మీదికి వంగింది. ఆమె కళ్ళు తిరువేంగడాన్ని పట్టుకుని ఊగుతున్నాయి. కోదండరామన్ మీసం కింద నవ్వు. ఒకనాడు స్టేషనులో పదిమంది ముందు నవ్విన నవ్వే అది. తిరువేంగడం మనిషే కదా. ఆ నవ్వును ఆపాలనిపించింది. "నాతో రా," అన్నాడు.

కానిస్టేబులును జీపు దగ్గర వదిలి అందరూ మండపం వెనక్కి నడిచారు. గోడ బయటి నుంచి ఆరోగ్యమేరి కూడా వాళ్ళతో సమంగా నడిచింది. కమలమ్మాళ్ వెనక పరుగెత్తుతూ వచ్చింది. "వద్దు సామీ, వద్దు," అంటోంది. ఎందుకు వద్దంటోందో ఎవరూ ఆగి అడగలేదు.

తిరువేంగడం కొత్తరాయి ముందు కూర్చున్నాడు.

"ఈ ఊళ్ళో చావుకు దంచిన బియ్యం పెడతారు. ఈ సంగతి నాకు చెప్పింది మేస్త్రీయే. దంచిన గింజ కుళ్ళుతుంది, మొలవదు. దీనికింద చూడు."

కోదండరామన్ వంగి చూశాడు. "గడ్డి."

"గడ్డి కాదు, పాలిక. పెళ్ళికి పోసే విత్తనం. ఐప్పసి వానకు మొలిచింది. బిడ్డ పోయిన తల్లి ఏం మరిచినా ఇది మరవదు. వీళ్ళు బిందె ఎత్తడం నేర్చుకోకముందే ఇవన్నీ నేర్చుకుంటారు. తెలిసే పోసింది. బతికున్న బిడ్డకు వాయికరిసి పొయ్యడానికి ఆ చెయ్యి రాలేదు. పిల్ల చావలేదు, కోదండరామన్. రాయి పడితే వెతకడం మానేస్తారని, వెతికేవాళ్ళ చేతినుంచి బిడ్డను తప్పించడానికి పెట్టింది. దావణి తనే మడతపెట్టి గుహలో ఉంచింది."

గోడ అవతల ఆరోగ్యమేరి శిలువ పట్టుకుని "ఏసువే" అంది.

"మాటలు," అన్నాడు కోదండరామన్, కాని నవ్వు పోయింది. "ఇక్కడి పొలం గింజ ఏదో రాలి మొలిచి ఉంటుంది. దీన్ని కోర్టులో పెడితే నన్ను చూసి నవ్వుతారు."

ఆ ఒక్క మాటకు జవాబు చెప్పకుండా ఉండి ఉంటే బాగుండేది. తిరువేంగడం రుమాలు విప్పాడు.

"ఇక్కడి పొలంలో ఇది పండదు. ఈ ఎర్రనేలలో వీళ్ళు చల్లేది జొన్న, సజ్జ. ఇది ఊద. అరవంలో కుదిరైవాలి అంటారు. ఈ ఎర్రజీర చూడు. మదురైకి దక్షిణాన నల్లరేగడిలో పండేది. మా అమ్మమ్మ ఊరు ఆ పక్కే, నాకు తెలుసు. దీన్ని ఎవరో అక్కడినుంచి పనిగట్టుకుని తెచ్చి ఇచ్చారు."

కమలమ్మాళ్ రెండు చేతులతో నోరు మూసుకుంది. సిరా బుగ్గకు అంటుకుంది. ఆమె తిరువేంగడం వైపు గాని ఇన్‌స్పెక్టరు వైపు గాని చూడలేదు. రంగసామి వైపు చూస్తోంది.

రంగసామి ముఖంలో కోపం లేదు. పొద్దుటినుంచి ఉన్న ఏడుపు లేదు. లెక్క కుదిరిన మనిషి ముఖంలా ప్రశాంతంగా ఉంది.

"మంచిది సార్," అన్నాడు మెల్లగా. "మంచి మాట చెప్తిరి. బిడ్డ బతికుండాది. సంతోషం." కండువా నడుము నుంచి విప్పి భుజాన వేసుకున్నాడు. "నోరు ఎండిపోయింది. అందరికీ మోరు తెస్తా."

వెళ్ళిపోయాడు. పెద్దలరాళ్ళ ముందు వంగను కూడా వంగలేదు.

కోదండరామన్ కాగితాలు మడిచాడు. "సరే. అబద్ధం చెప్పి పోలీసును తిప్పినందుకు ఈమె మీద కేసు పెట్టాలి. పిల్ల ఎక్కడుందో చెప్పమను."

"ఇంక నేను చెప్పేదేముండాది?" అంది కమలమ్మాళ్. కేక వేయలేదు. రాయి పక్కన కూలబడింది. "ఆయన చెప్పేసినాడు కదా."

"నేనా? నాకు తెలియదే!"

"మాలో పాలిక విత్తనం ఎవరు తేవాలో నీకు తెలుసునా నాయనా? మేనమామ. ఇంకొకరు తేకూడదు. మా పుట్టిల్లు ఆ నల్లమన్నులో. మా అన్న మదురై మిల్లులో ఉండాడు. మా ఆయన పోయినప్పుడు పొలం తగాదాలో రంగసామి మా అన్నను కొట్టి తరిమినాడు. ఆ పొద్దునించి వాడు ఈ ఊరు తొక్కలేదు. తొక్కడనే వీళ్ళకు నమ్మకం. ఆ నమ్మకం మీదనే నా బిడ్డ ఇన్నాళ్ళు బతికింది."

తిరువేంగడం చేతిలో మొలక వాలిపోయింది.

"వళ్ళి అర్ధరాత్రి వచ్చి నా కాళ్ళ మీద పడింది. వాడు మంచోడమ్మా, తాగడు, కొట్టడు అంది. కులం గురించి అరిచినాను, తిట్టినాను, జుట్టు పట్టుకోని కొట్టినాను కూడా. పొద్దునకు మనసు మారింది. నాకున్నది ఒక్కతే. మా అన్నకు కబురు పంపితే దొంగ మాదిరి వచ్చి తీసుకోని పోయినాడు. నా ఇంట్లో చేస్తా పెళ్ళి అని పాలిక విత్తనం నా ఒళ్ళో పోసినాడు. ఆ పెళ్ళికి నేను పోలేను. బిడ్డ చచ్చిందని ఏడవాల్సిన దాన్ని పెళ్ళిలో యాడ కూర్చుంటాను? అందుకే నాలుగు గింజలు ఈడ..." ఆమె రాయిని అరచేత్తో తుడిచింది. "తప్పని తెలుసు. మొలకెత్తుతాదని తెలుసు. మొలకెత్తాలనే పోసినాను."

"మరి సవరిముత్తు మీద కేసు పెట్టినప్పుడు?" ఆరోగ్యమేరి గొంతు పగిలింది. "వాడు నీ అల్లుడే కదా! దానికోసమే కదా వాడు నోరు మూసుకోని చావుదెబ్బలు తింటా ఉండాడు!"

"వాడిని పట్టుకుంటారని నాకు తోచలేదమ్మా. తోచి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేదాన్ని." తిరువేంగడం వైపు తిరిగింది. "వేలు వేసేదాన్ని కాదు సామీ. రేపు, మర్నాడు అని ఎట్లనో ఈడ్చేదాన్ని. వేలు నరికినా వేసేదాన్ని కాదు. నువ్వు వచ్చి అరుగు మీద నన్ను ఒక్కదాన్నే అడిగి ఉంటే నీ కాళ్ళు పట్టుకోని అంతా చెప్పేదాన్ని. నీకు ఆగే ఓపిక లేకపాయె. ఇంకొక మగవాడి ముందర గెలవాల్సి వచ్చె. రేపు ఈ రాయి నిజమైతే, పెట్టింది నేను కాదు. నువ్వు."

అప్పుడు వీధిలో జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

కోదండరామన్ ఒక్క దూకులో మండపం ముందుకు పరుగెత్తాడు. ఎర్రటి దుమ్ము లేచి ఉంది. దుమ్ములో జీపు వెనక భాగం చింతతోపు మలుపు తిరిగింది. కానిస్టేబులు అమాయకంగా సెల్యూట్ కొట్టాడు.

"డ్రైవరుకు మేస్త్రీ చెప్పినారు సార్. ఇన్‌స్పెక్టరయ్య ఉత్తర్వు, నన్ను పళని స్టేషనులో దింపి రా అన్నారు. మదురై బండి పట్టాలంట. మేస్త్రీ ఏమడిగినా చూసుకోండి అని పొద్దున మీరే కదా సార్ చెప్పింది."

"చేతిలో ఏమైనా ఉందా?"

"సంచి ఉండాది సార్. ఇంట్లోకి పోయి తెచ్చుకున్నాడు. వేటకొడవలి పిడి పైకి కనిపించింది. పొలం పనికేమో అనుకుంటిని."

కోదండరామన్ తిరువేంగడం వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరి దగ్గరా ఎగతాళి మిగల్లేదు. ఉన్నది తిరువేంగడం వచ్చిన జట్కా ఒక్కటే. దాని గుర్రం ముసలిది. దానితో పళని చేరేలోగా రైలు వెళ్ళిపోతుంది. కాని పళనిలో టెలిఫోను ఉంది. మదురైలో పోలీసులు ఉన్నారు. రైలు మెల్లగా పోతుంది, తీగ మీద మాట అంతకంటే ముందు పోతుంది.

"అమ్మా, మీ అన్న పేరు, వీధి చెప్పు," అన్నాడు కోదండరామన్. పొద్దుటినుంచి మొదటిసారి గొంతు తగ్గించాడు. "రంగసామి బండి దిగేలోపు ఆ గుమ్మంలో నలుగురు కానిస్టేబుళ్ళుంటారు. నాది హామీ."

కమలమ్మాళ్ లేచింది. ఇన్‌స్పెక్టరును చూసింది. తన మరిదికి జీపు అప్పగించిన మనిషి. తిరువేంగడాన్ని చూసింది. అతను తల వంచుకున్నాడు.

ఆమె ఇద్దర్నీ దాటి గోడ దగ్గరికి పోయింది. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ వయసులో, మోకాలెత్తు గోడ ఎక్కి అవతలకు దిగింది. చుట్టూ ఇళ్ళ గుమ్మాల్లోంచి చూస్తున్న ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. కమలమ్మాళ్ సిరా చెయ్యి ఆరోగ్యమేరి మెడ చుట్టూ వేసి, తల దగ్గరికి లాక్కుని, చెవిలో చెప్పింది. నాలుగైదు మాటల కంటే ఎక్కువ ఉండవు. చెప్పి, ఆ భుజం మీదే ముఖం పెట్టుకుంది.

"ఏం చెప్పింది?" కోదండరామన్ గోడ దగ్గరికి పరుగెత్తాడు. "త్వరగా చెప్పు. ఒక్కో నిమిషం..."

ఆరోగ్యమేరి మెడ మీద నల్లటి వేలిముద్రలు పడ్డాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు. తన భుజం మీద వాలిన ముసలిదాని వీపు ఒక చేత్తో నిమురుతూ, ఇన్‌స్పెక్టరు కళ్ళలోకి సూటిగా చూసింది.

"మా తమ్ముణ్ణి వదుల్తారా?" అంది.